ఇత్తడి మెడలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. గుమ్మం దగ్గర పీట మీద అచ్చమ్మ, ఆ ఇంటికి పెద్ద. లేతు మిషను పక్కన నూనె చేతులతో ఆమె కొడుకు దేముడు. వెనక వంటగదిలో కోడలు కనకరత్నం. కనకరత్నం లుంగీలా చుట్టుకున్న లోంజీ అంచు పట్టుకుని నాలుగేళ్ల జయ. గోడ మీద దండ వేసిన ఫొటోలో, రంగూన్ రేవులో మూటలు మోసి మోసి పోయిన అచ్చమ్మ మామగారు. వీళ్లందరి మధ్యా నేను, భుజాన సంచీతో, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక.

"ఎవులే ఈ గుంట?" అని అడిగింది అచ్చమ్మ.

"నా సెల్లి అత్తా. మణిమాల," అంది కనకరత్నం, వంటగదిలోంచి బయటికి రాకుండానే.

నేను ఆమె చెల్లెలిని కాను. కూతుర్ని.

ఆ మాట నాకు దారిలోనే చెప్పింది. బస్సు దిగాక ఇద్దరం సైకా ఎక్కాం. ఈ ఊరి తొక్కుడు రిక్షాలో ఇద్దరు మనుషులు ఒకరి వీపుకి ఒకరు వీపు ఆనించి కూర్చోవాలి. ఆమె ముందుకి, నేను వెనక్కి. అందుకని చెబుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. మా నాన్న పోయినప్పుడు నాకు మాటలు కూడా రాలేదట. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేసి, పిల్లల్లేరని చెప్పి ఈ ఇంటికి వచ్చిందట. "నాను నీ అక్కని, అప్పా అని పిలు. బావ అని పిలు. ముసలామెని అత్త అను. మరేటీ వొద్దు," అంది. ఆమె వీపు నా వీపుకి వెచ్చగా తగులుతోంది. నేను సరే అన్నాను. అమ్మమ్మ చలికాలంలో పోయింది. ఊళ్లో మా ఇంటికి తాళం వేసేశారు. సరే అనక ఏమనను?

రాత్రి ఎవరైనా చుట్టం ఇంట్లో ఉంటే వార్డు ఆఫీసులో చెప్పి రావాలి. అక్కడా చెల్లెలనే చెప్పింది. ఎండలు తగ్గేదాకా ఉండు, తర్వాత చూద్దాం అంది. ఆ ‘తర్వాత’ అన్న మాటనే పట్టుకుని నేను ఆ ఎండాకాలమంతా ఆ ఇంట్లో ఉన్నాను.

జయ నన్ను పిన్నీ అని పిలిచేది. పొద్దున్న లేవగానే అమ్మా అనేది, అన్నం దగ్గర అమ్మా అనేది, చీమ కుట్టినా అమ్మా అనేది. రోజుకి ఎన్నిసార్లు వాడేస్తోందో ఆ మాటని. నేను పక్కనే కూర్చుని పెసలు ఏరుతూ వినేదాన్ని. డైరీలో కూడా అప్ప అనే రాశాను. ఎవరైనా చూస్తారని కాదు. చెయ్యి అలవాటు పడాలని.

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో ఆ వీధి ఇళ్లన్నీ కింద దుకాణం, వెనక వంటగది, పైన చెక్క అటక. దేముడు దుకాణంలో పడవ ఇంజన్ల ఇరుసులకి తొడిగే బుష్‌లు లేతు మీద తీసేవాడు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వస్తే వీధి వీధంతా "మీ లా బీ" అని అరుస్తుంది, వచ్చేసిందని. లేతు తిరుగుతుంది. పోతే దేముడు ముఖం తుడుచుకుని, కిటికీ దగ్గర బల్లకి బిగించిన చేతిప్రెస్సు ముందు కూర్చునేవాడు. ఆ ప్రెస్సు మీద చేసేది వేరే పని.

ఊళ్లో పాత షూటింగ్ క్లబ్బు ఒకటి ఉంది. గురి చూసి అట్టబొమ్మని కొట్టే పెద్దమనుషుల క్లబ్బు. బయటి దేశం నుంచి తూటాలు రావడం లేదు. అందుకని పేలిన తూటాల ఇత్తడి తొడుగులు పారేయకుండా మళ్లీ వాడుకుంటారు. పేలినప్పుడు తొడుగు మెడ సాగి వదులైపోతుంది. ఆ మెడని మళ్లీ కొలతకి నొక్కితేనే కొత్త గుండు దాన్లో బిగుతుగా నిలుస్తుంది. మా ఇంటికి వచ్చేవి ఖాళీ తొడుగులే. మందూ గుండూ క్లబ్బులోనే కూరుకుంటారు, దానికి వాళ్లకి అనుమతి ఉంది. క్లబ్బు తరఫున ఊ టిన్ లే అని ఒక ముసలాయన రెండు గుడ్డసంచులు తెచ్చి ఇచ్చేవాడు. ఒకటి ఎర్రగళ్ల లోంజీ గుడ్డ, ఒకటి నీలిగళ్లది. ఒక్కో సంచీ ఒక్కో రైఫిలుది. రెంటినీ ఎప్పుడూ కలపకూడదు.

దేముడు పని చేస్తుంటే నేను దూరంగా నిలబడి చూసేదాన్ని. నాకు కొత్తవాళ్లతో మాట రాదు. ఒకరోజు ఆయన తల ఎత్తకుండానే పక్కనున్న ముక్కాలి పీటని కాలితో నా వైపు జరిపాడు. అంతే. కూర్చున్నాను.

నేర్పించినప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. తొడుగు అడుగుని వేళ్లతో పట్టుకుని, మెడని స్పిరిట్ దీపం మంట అంచున తిప్పాలి. అడుగు వేళ్లకి కాలేదాకా తిప్పి నీళ్లలో వదిలేయాలి. వేళ్లే కొలత. ఇత్తడి మెత్తబడకుండా నొక్కితే మెడ చీలిపోతుంది. తర్వాత మెడ ఇరుక్కోకుండా పెన్సిలు ములుకు పొడి రాసి, ప్రెస్సులో పెట్టి, పిడి దించాలి. ఒక్కసారే దించకూడదు.

"ఒక్క తోపుకి తోసేస్తే వంకర పోద్ది," అన్నాడు. "సగం తొయ్యి. తీసి, తిప్పి, మల్లా తొయ్యి. అప్పుడు తిన్నగా కూకుంటది."

నేను సగం తోశాను. తిప్పి మళ్లీ తోశాను. పిడిలోంచి అరచేతికి ఏదో మెత్తగా లొంగినట్టు తెలిసింది. ఆయన తీసి వెలుతురులో తిప్పి చూశాడు. తన డబ్బాలో వేసుకున్నాడు, నా తొడుగులు విడిగా పెట్టలేదు. నాకు ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

ఆ తర్వాత కరెంటు పోవాలని కోరుకునేదాన్ని. వీధిలో అందరూ ఫ్యాన్లు ఆగిపోయి విసుక్కుంటుంటే నేను లోపల్లోపల నవ్వుకుంటూ ముక్కాలి పీట మీద కూర్చునేదాన్ని. వంటగదిలోంచి అప్ప అప్పుడప్పుడు మా వైపు చూసేది. ఆమె చూపులో ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. కోపం కాదు. సంతోషమూ కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మరో పని చేస్తున్న మనిషి చూపు.

నూకాలమ్మ పండగ ముందు రోజు ఆ పొరపాటు జరిగింది. దేముడు ఇనుము కొనడానికి లత అనే పేట వైపు వెళ్లాడు. అచ్చమ్మ దేవుడి సామాన్లన్నీ వెనక అరుగు మీద పరుచుకుని చింతపండుతో తోముతోంది. కుందులు, గంట, చెంబు, హారతి పళ్లెం. అవి అయిపోయాక కళ్లజోడు సర్దుకుని చుట్టూ చూసింది. కిటికీ దగ్గర రెండు సంచుల్లో ఇత్తడి, నల్లగా, మసి పట్టి. పండగనాడు ఇంట్లో నల్ల ఇత్తడి ఉండకూడదు. రెండు సంచులూ తెచ్చి ఒకే గంగాళంలో బోర్లించి, చింతపండూ బూడిదా వేసి ఒక్కొక్కటే తోమింది. నేను నీళ్లు మోసుకుని వచ్చేసరికి అన్నీ పెద్ద పళ్లెంలో ఎండలో పసుపుముద్దల్లా మెరుస్తున్నాయి.

దేముడు వచ్చాడు. పళ్లెం చూశాడు. గోడకి ఆరేసిన రెండు ఖాళీ సంచులూ చూశాడు. చేతిలో ఇనప కడ్డీ అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఏటిరా అలగ సూస్తావు? నూకాలమ్మ గంటకన్నా మెరుస్తన్నాయి," అంది అచ్చమ్మ.

"మెరుస్తన్నాయే అమ్మా."

"మరేటి?"

"రెండు తుపాకీలవీ కలిపీసినావు."

ముసలామె చేతులు చూసుకుంది. చింతపండుకి వేళ్లు మెత్తబడి ముడతలు పడ్డాయి. నాకు జాలేసింది. దేముడు కేకలేయలేదు. కడ్డీ కింద పెట్టి, సొరుగులోంచి రెండు ఉక్కు దిమ్మలు తీశాడు. ఏ రైఫిలుకి ఆ రైఫిలులో తూటా కూర్చునే గుంట కొలతతో ఆయనే తీసిన గేజులవి. పళ్లెం చుట్టూ అందరం కూర్చున్నాం. ఒక రైఫిలు గుంట కొంచెం పెద్దది, ఒకదానిది కొంచెం బిగువు. తొడుగుని బిగువు దిమ్మలో పెట్టి చూడాలి. సాఫీగా దిగితే నీలిసంచీ. అంచు దగ్గర ఆగిపోతే ఎర్రసంచీ. అప్ప కూడా వచ్చి, గుమ్మంలో కూర్చుని పచ్చిమామిడికాయలు తరుగుతోంది. జయ ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

"మెడలు నువ్వెలాగూ నొక్కీస్తావు గదరా. అన్నీ ఒకటే అయిపోవా?" అంది అచ్చమ్మ, చేసిన తప్పు కొంచెమైనా తగ్గుతుందేమోనని.

"మెడ ఒక్కటే మన సేతిలోది. ఒళ్లు మనది కాదు. ఏ తుపాకీలో పేలితే ఒళ్లు దాని కొలతకి సాగిపోద్ది. దానికే సరిపోద్ది."

"రెండోదాన్లో పెడితే?"

"దిగదు. బలవంతాన దించితే ఇరుక్కుంటది."

నేను ఒక తొడుగుని దిమ్మలో పెట్టాను. ఆగింది. ఎర్రసంచీలో వేశాను. తల ఎత్తితే ముసలామె నన్నే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత చూపు గుమ్మంలోకి తిప్పింది.

"ఈ గుంట సెవులు సూసినావా కనకం," అంది తీరిగ్గా. "నీ సెవులే."

మామిడికాయ మీద కత్తి ఆగింది. నాకు నా చెవులు వేడెక్కడం తెలిసింది. దేముడు తొడుగుని దిమ్మలో పెట్టాడు, తీశాడు, నీలిసంచీలో వేశాడు.

"సెల్లి గదా అత్తా," అంది అప్ప.

"అవును గదా," అంది అచ్చమ్మ. మళ్లీ కత్తి నడిచింది. చీకటి పడకముందే సంచులు రెండూ నిండాయి. మర్నాడు నూకాలమ్మకి పెట్టిన కుందుల కన్నా ఊ టిన్ లే సంచుల్లో తొడుగులే ఎక్కువ మెరిశాయి. ఆయన సంచీ మూతి విప్పి చూసి, పెళ్లికి తీసుకెళ్లాలా వీటిని అని బర్మా భాషలో అడిగాడు.

తింజాన్ నీళ్ల పండగ వచ్చింది. వీధిలో పిల్లలు డ్రమ్ములు నింపి వచ్చేపోయేవాళ్లని తడిపేస్తున్నారు. మా పక్కింటి బాపిరాజు భార్య పెద్ద గొంతు మనిషి. అరుగు మీద నిలబడి దేముణ్ని దెప్పడం మొదలెట్టింది. ఇంట్లో ఈడొచ్చిన మరదలిని పెట్టుకుని పండగనాడు ఒక బిందె నీళ్లు పోయని బావ ఉంటాడా, నీకు ఒంట్లో బాగుందా అని. చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. నేను తలుపు వెనక్కి జరిగాను.

అప్పుడే నాకు తట్టింది. మరదలంటే బావ వేళాకోళం ఆడతాడు. మా ఊళ్లో అయితే జడ లాగుతారు, పెళ్లాం పాతదైపోయింది, నిన్ను చేసుకుంటాను అంటారు. దేముడు నాతో ఇన్ని వారాల్లో ఒక్క వేళాకోళం ఆడలేదు. మరదలా అని ఒక్కసారి పిలవలేదు. పిలవాల్సి వస్తే తల్లీ అనేవాడు. జయని పిలిచినట్టే.

దేముడు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత చిన్న వెండిగిన్నెలో నీళ్లు తీసుకుని, అందులో ఆకుకొమ్మ వేసి, ముందు జయ భుజం మీద కొంచెం పోశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి నా భుజం మీద కొంచెం పోశాడు. ఇక్కడ ఇంటి పెద్దలు పిల్లలకి అలా పోస్తారు.

"సల్లగా ఉండు తల్లీ," అన్నాడు.

ఆ నీళ్లు వీపు మీదుగా జారుతుంటే నేను కదల్లేదు. బాపిరాజు భార్య నవ్వు మధ్యలోనే ఆగింది. ఒకసారి దేముణ్ని, ఒకసారి నన్ను చూసి, తర్వాత మా వెనక నిలబడ్డ కనకరత్నాన్ని చూసింది. అప్ప ముఖం, ఇక్కడి ఆడవాళ్లు గంధంలా రాసుకునే తనకా పూతలోంచి కూడా తెల్లబోయింది.

ఆ సాయంత్రమే అప్ప నాకు చెప్పింది. తాకేటా పేటలో ఆమెకి తెలిసిన మణిమాల అనే ఇంకొకామె ఉందట, నా పేరే, కుట్టుపని దుకాణం నడుపుతుందట. అమ్మాయిలకి పైన గది ఉందట. వానలు మొదలయ్యేలోపు వెళ్లాలి. వాగు అవతలే కదా, వంతెన దాటితే వచ్చేస్తావు అంది. నేను వాగు వైపు చూశాను. వంతెన కనిపిస్తూనే ఉంది. దగ్గరగా ఉన్న దూరమే ఎక్కువ అనిపించింది నాకు.

ఆ మాట అచ్చమ్మకి ఎలా తెలిసిందో. మర్నాడు నన్ను తల దువ్వమని పిలిచింది. ఆమె తెల్లజుట్టు పలచగా, దువ్వెనకి అందకుండా ఉంది.

"నాను అడగను," అంది, వీధి వైపే చూస్తూ. "పదారేల్లయి కనకం ఈ ఇంట్లో కాపరం సేస్తంది. నాను ఏటీ అడగలేదు. నా కొడుకూ అడగడు. అది నోరిప్పి సెప్పినరోజు కాదనీవోలు ఈ ఇంట్లో ఎవులూ నేరు. ఆ మాట దానికి సెప్పు."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"దువ్వు," అంది.

ఆ మాటని నేను నోట్లో చింతగింజలా దాచుకుని తిరిగాను. చెబితే ఏమవుతుందో రోజుకి పదిరకాలుగా ఊహించుకున్నాను. అన్నిట్లోనూ చివరికి నేను ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను. వంటగదిలోంచి ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. నేను వస్తున్నానమ్మా అంటున్నాను. అంతకన్నా పెద్ద ఊహలేవీ నాకు రాలేదు.

వెళ్లే ముందు రోజు దేముడితో చివరిసారి పని చేశాను. ఒక తొడుగు మెడ సన్నగా చీలింది. దాన్ని వాడలేరు. నాకు ఇవ్వమని అడిగాను. ఆ ఇంట్లో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దేముడు దాన్ని అరచేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"దారిలో పోలీసులు సంచీలు తీసి సూస్తారు తల్లీ. ఇలాంటిది నీ కాడ దొరికితే నిన్ను ఎవులూ ఇడిపించలేరు," అన్నాడు. తొడుగుని దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. అది ఆకులా చదునైపోయింది. తుక్కు డబ్బాలో వేశాడు. తర్వాత చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

వాన మొదలైంది. సైకా గుమ్మం ముందు ఆగింది. దేముడు నా సంచీ పెట్టి, సైకావాడికి ఏదో చెప్పి, లోపలికెళ్లి లేతు ముందు నిలబడ్డాడు. కరెంటు లేదు. అయినా అక్కడే నిలబడ్డాడు. అచ్చమ్మ పీట మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాస్తోంది. జయ నిద్రపోతోంది. అప్ప గొడుగు తెచ్చి ఇచ్చింది. గుమ్మం దగ్గర మేమిద్దరమే.

అప్పుడు చెప్పాను. "ఆళ్లకి తెలుసు. నువ్వు సెప్తే కాదనం అన్నాది ముసలామె."

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆశ్చర్యపోలేదు. నా లోంజీ అంచు తడవకుండా వంగి పైకి దోపింది.

"తెలుసని నాకూ తెలుసు," అంది మెల్లగా. "ఆళ్లు తెలిసీ ఊరుకున్నారు. నాను తెలీనట్టు ఊరుకున్నాను. అందరం ఊరుకుంటేనే ఈ ఇల్లు నడిసింది. నాను నోరిప్పితే, అబద్దమాడి వచ్చినదాన్ని అని నా నోటితో నానే సెప్పినట్టు. రేపు పప్పులో ఉప్పు ఎక్కువైనా ఆ మాటే ముందొస్తది. జయ పెళ్లినాడూ ఆ మాటే వస్తది." దోపిన అంచుని ఇంకోసారి సర్దింది. "నీకు సెవులే కాదు. నడకా నాదే. సూసినాను."

నేను సైకా ఎక్కాను. ఒక్కదాన్నే కాబట్టి ఎటు వైపైనా కూర్చోవచ్చు. వెనక్కి తిరిగి, ఇంటి వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆమె గుమ్మంలో, ఒక చెయ్యి తలుపు మీద. లోపల చీకట్లో దేముడి తెల్లచొక్కా, ముసలామె కళ్లజోడు.

"అమ్మా," అన్నాను.

పెద్దగా ఏమీ అనలేదు. జయ అన్నంత మామూలుగా అన్నాను. వాన చప్పుడులో కూడా అది లోపలిదాకా వెళ్లింది. అచ్చమ్మ చేతిలో ఆకు ఆగింది. దేముడు ఇటు తిరిగాడు. వాళ్లిద్దరూ నన్ను చూడలేదు, గుమ్మంలో ఉన్న ఆమె వీపునే చూస్తున్నారు. ఎదురు చూస్తున్నారు.

ఆమె పెదవులు కదిలాయి. కళ్లు నా మీదే ఉన్నాయి. తర్వాత సైకావాడి వైపు తిరిగి, బర్మా భాషలో, వీధికంతటికీ వినపడేలా చెప్పింది, నా చెల్లెలు, కొత్తపిల్ల, జాగ్రత్తగా బస్సెక్కించమని. సైకావాడు తల ఊపి తొక్కడం మొదలెట్టాడు.

ఆమె తలుపుని ఒక్కసారే వేయలేదు. సగం తోసింది. ఆగింది. మళ్లీ తోసింది.